తిన్నవారు, తిననివారు

పెండ్లి భోజనం చేసిన పదిమందికి వాంతులైనాయంటే ఊరిలో మొదట పుట్టే ప్రశ్న ఒకటే: "జబ్బు పడ్డవాళ్ళు ఏం తిన్నారు?" అందరూ పప్పు తిన్నామంటారు, అందరూ వంకాయ కూర తిన్నామంటారు. వంకాయలో పురుగు కనబడిందని ఎవరో ఒకరికి జ్ఞాపకం వస్తుంది. పొద్దుగూకేసరికి నేరం వంకాయదని తేలిపోతుంది. వంకాయది కాకపోతే వంటవాడిది. అదీ కాదనిపిస్తే, మా భద్రాచలం అడవి అంచు పల్లెలలో, "ఎవరో మందు పెట్టారు" అన్న మాట బయలుదేరుతుంది. ఆ మాట ఒకసారి బయలుదేరిన తరువాత అది ఏ ఒంటరి ముసలిదాని గుమ్మం ముందు ఆగుతుందో చెప్పలేము. ఆపైన జరిగిన దారుణాలు మన్యంలో ఉద్యోగం చేసినవారందరికీ తెలుసు.

రోగులు ఏం తిన్నారన్న ప్రశ్న సగం ప్రశ్న మాత్రమే. మిగిలిన సగం, "అదే పంక్తిలో కూర్చుని జబ్బు పడనివాళ్ళు ఏం తిన్నారు?" అన్నది. వంకాయ కూర రోగులందరూ తిన్నారు సరే. బాగున్నవారు కూడా అందరూ తిన్నారని తెలిస్తే వంకాయ మీది అభియోగానికి బలమేముంటుంది? ఆహారం వల్ల జబ్బులు వ్యాపించినప్పుడు దోషి అయిన పదార్థాన్ని పట్టుకోవడానికి వైద్యులు వాడే గణాంక పద్ధతులన్నీ ఈ రెండవ సగం మీదనే నిలబడి ఉన్నాయి. తెలుగు పండితుడికి గణాంకాలతో పనేమిటని చదువరులు అనుకోవచ్చు. గణితమంటే నాకు చిన్ననాటి నుంచీ బెదురే. అయినా ఈ విషయం మొదటిసారి విన్నప్పుడు నాకు కొత్తగా తోచలేదు. ఓరియంటల్ కళాశాలలో మా గురువుగారు చెప్పిన తర్కసంగ్రహం పాఠం మళ్ళీ విన్నట్లు తోచింది. అందుకే ఈ నాలుగు మాటలు.

తర్కంలో అన్వయం, వ్యతిరేకం అని రెండున్నాయి. పొగ ఉన్నచోట నిప్పు ఉండడం అన్వయం. నిప్పు లేనిచోట పొగ లేకపోవడం వ్యతిరేకం. వంటింటిని చూపి మొదటిది, చెరువును చూపి రెండవది చెప్పేవారు మా గురువుగారు. తిన్నవారిలో జబ్బు ఎంత అన్నది అన్వయ పక్షం. తిననివారిలో జబ్బు ఎంత అన్నది వ్యతిరేక పక్షం. ఊరివాళ్ళు అన్వయం దగ్గరే ఆగిపోతారు. పరిశోధకుడు రెండవదాని కోసం ఇల్లిల్లూ తిరుగుతాడు. అతని చేతిలోని కాగితం మీద నాలుగే గళ్ళు: తిని జబ్బు పడినవారు, తిని బాగున్నవారు, తినక జబ్బు పడినవారు, తినక బాగున్నవారు. ప్రతి పదార్థానికీ ఇలా ఒక పట్టిక.

పట్టిక గీయడానికి ముందు మరొక పని ఉన్నది. జబ్బు పడినవాడంటే ఎవరు? కడుపులో కొంచెం తిప్పినట్టున్నదన్న ప్రతివాడినీ చేర్చుకుంటే, ఎదుటివాడు కక్కుకోవడం చూసి తిప్పినవాడూ, అంతకు ముందురోజు నుంచే అజీర్తితో ఉన్నవాడూ లెక్కలోకి వస్తారు. అది అతివ్యాప్తి. ఆసుపత్రిలో సెలైను ఎక్కినవారినే రోగులంటే, ఇంటి దగ్గరే ఓర్చుకున్నవారంతా జారిపోతారు. అది అవ్యాప్తి. "ఫలానా భోజనం చేసి, ఇన్ని గంటలలోపల, ఇన్నిసార్లు వాంతి గాని విరేచనం గాని అయినవాడు" అని ముందుగా లక్షణం కట్టుకుని, దానిని ఎవరి కోసమూ సడలించకుండా ఉండాలి. గోవుకు లక్షణం చెప్పడంలో మేము పడిన తంటాలన్నీ ఇక్కడ అక్కరకు వస్తాయి.

ప్రపంచమంతటా ఈ విద్యను నేర్పేటప్పుడు చూపే ఉదాహరణ ఒకటున్నది. 1940 ఏప్రిల్ 18న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం ఆస్వీగో ప్రాంతంలో ఒక చర్చి విందు జరిగింది. 80 మంది వచ్చారు. ఆ రాత్రే చాలామందికి వాంతులు. 75 మందిని అడగగలిగారు. వారిలో 46 మంది రోగులు. విందులో కాల్చిన పంది మాంసం మొదలుకొని కేకుల వరకు చాలా పదార్థాలున్నాయి. మాంసం తిన్న 46 మందిలో 29 మందికి జబ్బు చేసింది, అంటే నూటికి 63. ఈ ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే మాంసమే దోషి అని ఎవరైనా ఒప్పుకుంటారు. మాంసం ముట్టని 29 మందిలో 17 మందికి జబ్బు చేసింది, నూటికి 59. తిన్నా తినకపోయినా ఒకటే. మాంసం నిర్దోషి. వెనిలా ఐస్‌క్రీం దగ్గరకు వచ్చేసరికి కథ మారింది. తిన్న 54 మందిలో 43 మందికి జబ్బు, నూటికి దాదాపు 80. తినని 21 మందిలో ముగ్గురికే, నూటికి 14. తిన్నవారికి ముప్పు అయిదున్నర రెట్లు. ఆ ఐస్‌క్రీం కోసం కలిపిన పాల మిశ్రమం ముందురోజు రాత్రంతా నిలవ ఉన్నదని తరువాత తెలిసింది.

ఇదే పట్టికలో ఒక విచిత్రమున్నది. చాక్లెట్ ఐస్‌క్రీం తిన్నవారిలో జబ్బు నూటికి 53 మాత్రమే; తిననివారిలో 74. అంటే చాక్లెట్ ఐస్‌క్రీం ఔషధమన్నమాట! ఇటువంటి చోటనే మా శాస్త్రంలోని ఉపాధి పనికి వస్తుంది. నిప్పున్నచోటల్లా పొగ ఉండదు; తడి కట్టెతో చేరిన నిప్పు ఉన్నచోటనే పొగ. ఆ తడి కట్టె ఉపాధి. చాక్లెట్ తీసుకున్నవారిలో కొందరు వెనిలా వద్దన్నారు. వారిని కాపాడింది చాక్లెట్ తినడం కాదు, వెనిలా తినకపోవడం. పైకి కనిపించే జత వెనుక మరొక జత దాగి ఉండవచ్చు గనుక, వెనిలా తిన్నవారిని వేరుగా, తిననివారిని వేరుగా కూర్చోబెట్టి, ఆ రెండు గుంపులలోనూ విడివిడిగా చాక్లెట్ సంగతి చూడాలి. వడ్డన బల్ల మీద పూరీ పక్కనే కుర్మా ఉన్నంత కాలం ఈ చిక్కు తప్పదు. పూరీ తిన్నవాడు కుర్మా వేసుకోకుండా ఉంటాడా?

శాస్త్రం ఒకచోట మాత్రం తర్కంతో విడిపోయింది. ఆ చోటు గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. వెనిలా తిని కూడా 11 మంది బాగానే ఉన్నారు. తినకుండానే ముగ్గురు జబ్బు పడ్డారు. నైయాయికుడి ముందు ఈ పట్టిక పెడితే వ్యభిచారం కనబడింది గనుక హేతువు దుష్టమని తోసివేస్తాడు. ఒక్క ప్రతికూల దృష్టాంతంతో వ్యాప్తి భంగమైపోతుంది. గణాంకవేత్త అంత పట్టుబట్టడు. 11 మంది చెంచాడు రుచి చూసి వదిలేశారేమో. ముగ్గురిలో ఒకరు తిన్న సంగతి మరచిపోయారేమో, మరొకరికి వేరే కారణాన వాంతి అయిందేమో. మనుషుల విషయంలో సత్యం ఇలా అంచులు చిరిగే ఉంటుందని ఒప్పుకుని, చిరుగు ఎంతవరకు సహించవచ్చునో లెక్క కడతాడు. అన్నంభట్టుకు ఈ విద్య తెలిసి ఉంటే మరొక ప్రకరణం వ్రాసేవాడని నా ఊహ.

ఆ లెక్కకు మన భాషలో ఒక పేరు ఎప్పటినుంచో ఉన్నది. కాకతాళీయం. కాకి వాలడమూ, తాటిపండు రాలడమూ. ఖమ్మం జిల్లాలో తాడిచెట్టు ఎరుగనివాడు ఉండడు గనుక వివరించనక్కరలేదు. ఐస్‌క్రీంకు, జబ్బుకు ఏ సంబంధమూ లేకపోయినా కేవలం కాకతాళీయంగా ఇంతటి తేడా పట్టికలో పడడానికి అవకాశమెంత? సంబంధం లేదనే అనుకుని, ఆ 46 మంది రోగులను 75 మందిలో యాదృచ్ఛికంగా పంచితే ఇటువంటి పంపకం ఎంత అరుదుగా వస్తుందో లెక్కించే ఉపాయాన్ని రొనాల్డ్ ఫిషర్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టాడు. పాలు ముందు పోశారో, టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒక మహిళను ఎనిమిది కప్పులతో పరీక్షించే ఉదాహరణతో 1935 నాటి తన పుస్తకంలో ఆ ఆలోచనా విధానాన్ని వివరించాడు. ఆస్వీగో పట్టికకు ఆ అవకాశం పది లక్షలలో ఒక వంతుకన్నా తక్కువ. కాకి అన్నిసార్లు వాలదు. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు మన తెలుగువారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివినవారు. 2023లో నూట రెండేళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఆయన పేరు మన పాఠ్యపుస్తకాలలో ఇంకా పెద్ద అక్షరాలలో ఉండవలసింది.

పదార్థాలు ఇరవై ఉంటే పట్టికలు ఇరవై. ఇరవై తాడిచెట్ల కింద నిలబడితే ఏదో ఒకదాని మీద కాకి వాలినప్పుడే పండు రాలుతుంది. కాబట్టి ఒక పట్టికలో కొద్దిపాటి తేడా కనబడగానే సంబరపడకూడదు.

ఇక నా కళ్ళతో చూసిన సంగతి. నేను అడవి అంచున ఒక బడిలో పని చేస్తున్నప్పుడు పక్కనే పిల్లల వసతి గృహముండేది. ఊరి పేరు, బడి పేరు వద్దు. ఒక ఆదివారం రాత్రి ఏడు గంటలకు పిల్లలు అన్నం తిన్నారు. తొమ్మిది దాటేసరికి వాంతులు మొదలైనాయి. చాపల మీద, వరండాలో, పంపు దగ్గర, ఎక్కడ చూసినా పిల్లలే. జీపులోనూ, ట్రాక్టరులోనూ ఆసుపత్రికి చేర్చాము. దేవుని దయ వల్ల ఎవరికీ ప్రాణాపాయం కలుగలేదు. తెల్లవారేసరికి తల్లిదండ్రులు గూడేల నుంచి నడిచి వచ్చారు. గుడ్ల కూర చెడిపోయిందన్న మాట అప్పటికే పుట్టింది. వంట చేసేది ఒక కోయ ఆవిడ, భర్త పోయిన మనిషి. పిల్లలు ఆయమ్మ అని పిలిచేవారు. కుళ్ళిన గుడ్లు చవకగా తెచ్చి మిగిలిన డబ్బు దాచుకున్నదని ఒకరు, అంతకన్నా చెడ్డ మాట మరొకరు. ఆవిడను వంటగది గడప తొక్కనివ్వలేదు. నా దగ్గరకు వచ్చి, "సారూ, గుడ్లు ఒక్కొక్కటీ నీళ్ళల్లో ఏసి, మునిగినవే ఉడకబెట్టాను. తేలినవి అవతల పారేశాను" అన్నది. నేను నమ్మాను. నా నమ్మకం ఆవిడకు ఏ రక్షణా ఇవ్వదు గదా.

మూడవ రోజున ఆరోగ్య శాఖ నుంచి ఒక యువకుడు వచ్చాడు. చేతిలో అట్ట, గీతల కాగితాలు. ఆసుపత్రిలో ఉన్న పిల్లలను కొద్దిసేపే పలకరించి, నేరుగా బడికి వచ్చి, "జబ్బు చేయని పిల్లలందరినీ పిలవండి" అన్నాడు. ఉపాధ్యాయులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కొక్క పిల్లవాణ్ణీ వేరుగా కూర్చోబెట్టి, "ఏం తిన్నావు?" అని అడగకుండా, పదార్థాల పేర్లు వరుసగా చదివి, "ఇది తిన్నావా, లేదా?" అని అడిగాడు. కోయ పిల్లలలో చిన్నవాళ్ళకు తెలుగు సరిగా రాదు. పెద్ద పిల్లవాణ్ణి పక్కన పెట్టుకుని వాళ్ళ మాటలోనే అడిగించాడు. వేడి అన్నం, గుడ్ల కూర, చారు, పులిహోర, మంచినీళ్ళు. అడిగించడానికే పూట గడిచింది.

ఆ రాత్రి పులిహోర ఎక్కడినుంచి వచ్చిందో వంటగదిలోవారికే తెలుసు. మధ్యాహ్నం చుట్టాలను చూడడానికి కొందరు పిల్లలు ఊళ్ళకు వెళ్ళినందువల్ల గంగాళం నిండా అన్నం మిగిలింది. పారేయవద్దు, చింతపండు పులుసు కలిపి రాత్రికి పెట్టమని పైనుంచి మాట. ఎండాకాలం, రేకుల కప్పు, మూత పెట్టిన గంగాళం. వరుసలో ముందు నిలబడినవారికి పులిహోర అందింది; చివరివారికి అందలేదు. చివరివారు వేడి అన్నంలో గుడ్ల కూర కలుపుకుని తిన్నారు. పట్టిక నింపిన తరువాత చూస్తే, వరుస చివరి పిల్లలలో దాదాపు అందరూ బాగున్నారు. గుడ్ల కూర వాళ్ళు కడుపు నిండా తిన్నారు! ఇంకొకవైపు, గుడ్డు ముట్టని పిల్లలు కొద్దిమంది ఉండేవారు. వారిలో పులిహోర తిన్నవారు వాంతులు చేసుకున్నారు. గుడ్ల కూర పట్టికలో తిన్నవారికీ తిననివారికీ చెప్పుకోదగిన భేదమే లేదు. పులిహోర పట్టికలో భేదం నాబోటివాడికి కూడా కనబడింది.

వండిన అన్నంలో చావకుండా మిగిలే సూక్ష్మజీవి బీజాలుంటాయట. బాసిల్లస్ సీరియస్ అని దాని పేరు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి నిలిస్తే అవి మొలకెత్తి, పెరిగి ఒక విషాన్ని వదులుతాయి. మళ్ళీ వేడి చేసినా, తిరగమోత పెట్టినా ఆ విషం విరగదు. చింతపండు పులుపుకూ లొంగదు. తిన్న గంట నుంచి ఆరు గంటలలోపల వాంతులు. ఏడుకు తిని తొమ్మిదికి కక్కుకోవడం దానికి సరిగ్గా సరిపోయింది. పులిహోర గిన్నె అప్పటికే తోమి పెట్టేశారు గనుక పరీక్షకు పంపడానికి మెతుకు కూడా మిగలలేదు. ఆవిడ పక్షాన నిలిచింది ఆ కాగితాలు మాత్రమే. వాటిని చూపి ఆ యువకుడు ఊరిపెద్దల ముందు అరగంట మాట్లాడాడు. ఆవిడ మళ్ళీ వంటగదిలోకి వెళ్ళింది. అన్నం పులిహోర చేయమన్నవారి సంగతి మాత్రం ఏ కాగితంలోనూ ఎక్కలేదు.

వసతి గృహంలో అందరినీ లెక్కపెట్టవచ్చు. ఒక జిల్లా అంతటా చెదురుమదురుగా జబ్బు పుట్టినప్పుడు, ఎవరు తిన్నారో మొత్తం లెక్క ఎక్కడ దొరుకుతుంది? అప్పుడు రోగులను కొందరిని, వారి ఇరుగుపొరుగున అదే వయస్సు ఆరోగ్యవంతులను కొందరిని తీసుకుని, రెండు వర్గాలూ తిన్నవి పోల్చి చూస్తారు. ఇక్కడ మనుషుల జ్ఞాపకం పెద్ద శత్రువు. జబ్బు పడినవాడు ఏ తప్పు తిండి తిన్నానా అని పదిసార్లు తలచుకుంటాడు. బాగున్నవాడికి మొన్నటి కూర గుర్తుండదు. ఆ భేదమే పట్టికలో దొంగ సాక్ష్యమై కూర్చుంటుంది.

ఈ దారిలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చేసిన పని గొప్పది. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాలలో కామెర్లు వ్యాపించి 397 మంది జబ్బు పడ్డారు. 106 మంది మరణించారు. అంటు కామెర్లేమోనని అనుమానం. అయితే ఆ ఇళ్ళలోని కుక్కలకూ కామెర్లు వచ్చాయి. మనిషికీ, కుక్కకూ ఉమ్మడి ఏమిటి? రొట్టె. వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న, అందులోని అఫ్లటాక్సిన్ అనే విషం. అదే దశకంలో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజాలో పొట్ట ఉబ్బి మనుషులు చనిపోతుంటే, వారు తినే సామలలో జనుము జాతి కలుపు మొక్క గింజలు కలిశాయని తేల్చారు. మా కోయ పల్లెలలోనూ సామల జావ తాగుతారు గనుక ఆ సంగతి చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛపోయినప్పుడు, రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ వైద్యులు చెప్పారు. ఆ తరువాత పురుగుమందుల మాట వచ్చింది. ఆ రోజులలో పత్రిక చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ నాకు ఆ యువకుడే గుర్తుకు వచ్చేవాడు. అదే వీధిలో మూర్ఛపోనివారి రక్తంలో సీసమెంత అని ముందుగా అడిగి ఉండేవాడు.

అన్నిటికన్నా నా మనస్సులో నిలిచిపోయినది 1995 నాటిది. ఆ ఏడు దక్కను పీఠభూమిలో, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక పల్లెలలో, కోతకు వచ్చిన జొన్న, మొక్కజొన్న పంట వానలో నానిపోయింది. 27 గ్రామాలలో జనానికి కడుపునొప్పి, పొట్టలో గుడగుడ, విరేచనాలు. పోషకాహార సంస్థకు చెందిన రమేశ్ భట్‌గారి బృందం వెళ్ళింది. రోగులున్న ఇళ్ళ నుంచి గింజలు తెచ్చారు. రోగులు లేని ఇళ్ళ నుంచీ తెచ్చారు. రోగుల ఇళ్ళ మొక్కజొన్నలో ఫ్యూమోనిసిన్ అనే బూజు విషం కిలోకు 64.7 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. రెండవ రకం ఇళ్ళలో ఆ లెక్కన అత్యల్పం. ఆ తిండి మానగానే జబ్బు తగ్గింది.

జబ్బు పడినవారంతా కడు పేదలు. గింజ నల్లబడిందని, బూజు వాసన వస్తున్నదని విసిరే మనిషికి తెలియదా? రొట్టె చేసే చేతికి తెలియదా? వాన పడిన జొన్న ఎలా ఉంటుందో మా అడవి పల్లెలలో పసిపిల్లలు కూడా చెబుతారు. కడిగి, ఎండబెట్టి, చెరిగి, దానినే గటక కాచుకోవడం నేను ఎన్ని ఇళ్ళలో చూడలేదు! జబ్బు లేని ఇళ్ళలో మంచి గింజ ఉన్నది. జబ్బు ఉన్న ఇళ్ళలో తడిసిన గింజ తప్ప మరొకటి లేదు.